ముక్కు గొట్టం ఒక తాత్కాలిక ఏర్పాటు



ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు అడిగినపుడు పాత ఆఫీసు కబుర్లే వ్రాద్దామనుకున్నాను. అయితే మన వయసులో పక్షవాతం చెప్పకుండా వచ్చే చుట్టం. వచ్చినపుడు కొందరికి మింగే శక్తి పోతుంది. ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేసి పాలు, జావ పోస్తారు. గొట్టం వేయడం మనిషి ఎప్పుడో నేర్చుకున్నాడు. మళ్లీ నోటితో తినిపించడం ఒక పద్ధతిగా నేర్చుకోవడానికి మాత్రం చాలాకాలం పట్టింది. ఆ చరిత్రను మా ఇంటి అనుభవంతో కలిపి మనవి చేస్తాను.

1790లో లండనులో జాన్ హంటర్ అనే పేరుమోసిన సర్జను, మింగే కండరాలు చచ్చుబడిన ఒక యాభై ఏళ్ల మనిషికి వైద్యం చేశాడు. రబ్బరు గొట్టాలు లేని రోజులు. మలుగుపాము చర్మాన్ని సన్నని తిమింగలపు పుల్ల మీద తొడిగి, పై కొసకు తిత్తి కట్టి, దాని ద్వారా పలుచని ఆహారం, మందులు కడుపులోకి పంపాడు. (వినడానికి మనకు రోత పుట్టవచ్చు గానీ ఆ మనిషి బ్రతికాడు.) కొన్ని వారాలకు అతనికి మింగే శక్తి తిరిగి వచ్చింది. హంటర్ ఈ కేసును 1793లో ప్రకటించాడు. అంటే ఆయన చేతిలో గొట్టం తాత్కాలిక ఏర్పాటే.

తాత్కాలిక ఏర్పాట్ల సంగతి మనకు తెలియనిదా? ఆరు నెలలకని వేసిన ఇన్‌ఛార్జి, రద్దు ఉత్తర్వులు ఎవరూ పెట్టక రిటైరయ్యేదాకా అక్కడే ఉంటాడు. గొట్టానికీ అదే జరిగింది. 1921లో అమెరికాలో న్యూ ఆర్లియన్స్ డాక్టరు అబ్రహాం లెవిన్ రబ్బరు గొట్టం తెచ్చాడు. 1979లో క్లీవ్‌లాండులో గాడరర్, పోన్స్కీ అనే డాక్టర్లు పెద్ద ఆపరేషను లేకుండా పొట్ట మీద నుంచే గొట్టం వేసే పద్ధతి కనిపెట్టారు. వేయడం ప్రతిసారీ సులువయింది. తీయడం సంగతి చాలాకాలం రోగి అదృష్టమే.

ఆ లోటు పూడ్చిన వారిలో ముఖ్యురాలు నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన జెరి లోగ్‌మన్. ఆవిడ స్పీచ్ పాథాలజిస్టు. బేరియం కలిపిన పలుచని ద్రవం, ముద్ద, బిస్కెట్టు ముక్క కొద్దికొద్దిగా మింగించి, అవి ఏ దారిన పోతున్నాయో ఎక్స్‌రే తెర మీద చూసే పద్ధతిని స్థిరపరచింది. 1983లో ఆమె పుస్తకం వచ్చింది. ఎవరు ఏ చిక్కదనం మింగగలరు, తల ఎటు వంచితే ముద్ద సరిగా దిగుతుంది అన్నది చూసి చెప్పవచ్చునని తేలింది. కొందరికి తిన్నది ఊపిరితిత్తుల వైపు పోయినా దగ్గు కూడా రాదని ఆ తెర మీదే కనిపిస్తుంది.

2019లో మా శ్రీమతికి కుడిపక్క పడిపోయింది. గొట్టంతో ఇంటికి పంపారు. డిశ్చార్జి కాగితంలో ఎన్ని గంటలకు ఎన్ని మిల్లీలీటర్లు పోయాలో ఉంది గానీ, గొట్టం ఎప్పుడు తీస్తారో ఒక్క ముక్క లేదు. ముప్పై అయిదేళ్లు ఫైళ్లు చదివిన నేనూ అడగలేదు. మీరు అడగండి. మూడో నెలలో చూడవచ్చిన ఆవిడ అక్కగారు, నోరెండిపోయిందని జాలిపడి నాలుగు చెంచాల కాఫీ పోసింది. దగ్గు రాలేదని మేమంతా సంతోషించాం. నాలుగో రోజుకు జ్వరం, న్యుమోనియా.

అప్పుడు దొరికింది ఒక స్పీచ్ థెరపిస్టు అమ్మాయి. "సార్, అమ్మగారికి అన్నిటికంటే కష్టం నీళ్లే. గబుక్కున జారిపోతాయి. చిక్కటిదైతే నెమ్మదిగా దిగుతుంది" అంది. నేను అంతవరకు తలకిందులుగా అనుకున్నాను. ముందు ఎక్స్‌రే పరీక్ష చేయించింది. రోజూ నోరు శుభ్రం చేయడం, నిటారుగా కూర్చోబెట్టి అరచెంచా చిక్కటి రాగిజావ, గడ్డం దించి మింగడం, వెంటనే మరోసారి ఉత్తగా మింగడం. తర్వాత "ఆ" అనిపించి వినాలి. గొంతు తడిగా గరగరలాడితే ఆ పూటకు ఆపేయాలి. అన్నీ నోటుబుక్కులో వ్రాశాను, అలవాటు పోదు కదా! నోటితో వెళ్లేది పెరిగినకొద్దీ గొట్టంలో పోసేది తగ్గించి, బరువు చూసుకుంటూ, తొమ్మిది వారాలకు తీశారు. అందరికీ ఇలా కుదరదు. కుదరని వారిని తొందరపెడితే ప్రాణం మీదికి వస్తుంది.

మా శ్రీమతి ఇప్పుడు మెత్తటి పెరుగన్నం, ముద్దపప్పు తింటుంది. కాఫీలో మాత్రం చిక్కబరచే పొడి కలపాలి. అది కాఫీయే కాదని రోజూ నాతో దెబ్బలాట.