సిట్టిలింగి: ఆసుపత్రి గడప దాటిన ఆరోగ్యం

మన హరూర్ తాలూకాలోని సిట్టిలింగి లోయలో 1993లో డాక్టర్ రెజీ జార్జ్, డాక్టర్ లలిత దంపతులు ఒక గుడిసెలో వైద్యం మొదలుపెట్టారు. ట్రైబల్ హెల్త్ ఇనీషియేటివ్ పుట్టుక అదే. అప్పట్లో అక్కడ పుట్టిన ప్రతి వెయ్యిమందిలో 147 మంది పసివాళ్లు ఏడాది నిండకుండానే పోయేవారు.

కొండ పల్లెలన్నిటికీ ఇద్దరు డాక్టర్లు ఏ మూలకు? అందుకే ఊళ్లే ఎంచి పంపిన ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చారు. గర్భిణులను కనిపెట్టుకుని ఉండటం, బిడ్డ బరువు చూడటం, తిండీ శుభ్రతా గురించి చెప్పడం వాళ్ల పని. మన తెలుగు సంఘాలు పెట్టే వైద్య శిబిరాలు మంచివే, కానీ సాయంత్రానికి ముగుస్తాయి. మరుసటి నెల ఆ పెద్దాయన బీపీ చూసేదెవరు? సిట్టిలింగిలో ఆ మనిషి పక్క వీధిలోనే ఉంటుంది.

జబ్బుల వెనక అప్పులూ వలసలూ కనిపించాక సేంద్రియ రైతుల సంఘం వచ్చింది. అక్కడి లంబాడీ స్త్రీలు, తెలంగాణ తండాలకు చుట్టాలే, మరుగునపడుతున్న తమ కుట్టుపనిని మళ్లీ పట్టుకుని, ఊళ్లోనే సంపాదించుకుంటున్నారు. సంఘం పేరు పోర్గై. వాళ్ల భాషలో గర్వం అని అర్థం.