ఆంగ్లేయుల తోటలో తాబేలు

లండను నగరమున థేమ్సు నదీతీరమందలి లాంబెత్ ప్రాసాదమున ఒక తాబేటి డొప్ప భద్రపరుపబడి యున్నది. 1633వ సంవత్సరమున విలియం లాడ్ కాంటర్‌బరీ ప్రధాన మతాచార్యుడైనపుడు తనవెంట తెచ్చుకొన్న తాబేలది. 1645లో ఆతడు శిరచ్ఛేదము పొందెను. నాలుగేండ్లకు రాజుగారికిని అదే గతి పట్టెను. రాచరికము పోయి మరల వచ్చెను. ఇన్ని విప్లవములు తలమీదుగా గడచినను ఆ జంతువు తోటలో మేయుచు 1753 వఱకు బ్రదికి, తుదకు ఒక తోటమాలి యశ్రద్ధచేత మరణించెనని చెప్పుదురు.

పెంపుడు తాబేటికి జరిగిన యపచారములలో అధికభాగము క్రౌర్యమువలన గాక, అది యేమియు కోరని ప్రాణి యను భ్రమవలన జరిగినవి. కుక్కకు ఆకలైనచో మొఱుగును, పిల్లి కాళ్ళకు చుట్టుకొని యరచును, తాబేలు నోరెత్తదు. అది నెలలకొలది పస్తుండగలదు, రోగముతో సంవత్సరము గడపగలదు. దాని యోర్పే దానికి శత్రువైనది.

ఈ భ్రమను తొలుత విడిచినవారిలో గిల్బర్ట్ వైట్ గణింపదగినవాడు. హాంప్‌షైరు మండలములోని సెల్బోర్న్ గ్రామమున క్రైస్తవ మతబోధకుడుగా నుండి, తన చుట్టునున్న పక్షులను, పురుగులను, ఋతువులను జీవితాంతము పరిశీలించిన యీ మహనీయునకు, ససెక్సు మండలములో రింగ్మర్ అను నూర స్నూక్ అను నింటిపేరు గల మేనత్త యుండెను. ఆమె పెనిమిటి 1740 ప్రాంతమున ఒక నావికునియొద్ద రెండున్నర షిల్లింగులకు కొనినదని చెప్పబడు తాబేలు గోడలు గల వారి తోటలో నలువది యేండ్లు పెరిగినది. ముప్పది యేండ్లకు పైగా తనకు మేత పెట్టిన యా వృద్ధురాలు కంటబడినంతనే అది తడబడుచు ఆమెవైపు నడచుననియు, పరాయివారిని లక్ష్యపెట్టదనియు వైట్ గమనించి వ్రాసెను. తాబేటికి గుర్తింపు గలదని యా మాట స్పష్టముగా చెప్పుచున్నది.

1780 మార్చిలో మేనత్త గతించెను. భూమిలో శీతకాలనిద్రలో నున్న తాబేటిని వైట్ త్రవ్వి తీసి, మట్టి నింపిన పెట్టెలో నుంచి, గుఱ్ఱపుబండ్లమీద ఎనుబది మైళ్ళు ప్రయాణము చేయించి సెల్బోర్న్‌కు చేర్చెను. తిమోతీ అను పేరుగల యా జీవి యచ్చట పదునాలుగేండ్లు జీవించినది. శరత్తున ఎండ బలహీనమైనపుడు అది గోడకు డొప్ప నానించి యొక ప్రక్కకు వాలి, యేటవాలు కిరణములను ఎక్కువగా గ్రహించుననియు, తొలి చినుకులు పడగానే ఒక మూలకు చేరుననియు, నవంబరులో ముందుకాళ్ళతో మట్టి గోకి వెనుకకాళ్ళతో వెలికి నెట్టుచు మిక్కిలి మెల్లగా గుంట చేసికొనుననియు ఆతడు వ్రాసెను. తొట్టిలోని నీట విడిచి, యీదజాలదని తెలిసికొన్న పరీక్ష కొంత మోటుదే. 1784లో అది తోట దాటిపోయి కొన్ని దినములకు చిక్కుడు చేనిలో దొరకినపుడు ఇంటివారందఱు పొందిన యాందోళన మాత్రము ప్రేమకు నిదర్శనము. ఆతడు దానిని త్రాసులో తూచి, యా తూకమును దినచర్యలో వ్రాసి యుంచుచు వచ్చెను. ఆతడు చేసిన పనులన్నింటిలో నాకీ తూచుటయే మిక్కిలి విలువైనదిగా తోచును. 1793లో వైట్ పోయెను. మరుసటి వసంతమున తిమోతీ పోయెను. దాని డొప్ప లండను ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలకు చేరగా, దానిని పరీక్షించిన శాస్త్రజ్ఞులు పురుషనామముతో జీవించిన యా ప్రాణి ఆడుదని తేల్చిరి.

వైట్ వ్రాసిన గ్రంథము 1789 నాటినుండి ఇంటింట చదువబడినను, ఆ త్రాసు మాత్రము ఎవరికిని పట్టలేదు. ఇరువదవ శతాబ్దమున మొరాకో, టర్కీ, గ్రీసు, యుగోస్లావియా దేశములనుండి లక్షలాది తాబేళ్ళు బుట్టలలో ఒకదానిపై నొకటి కుక్కబడి, నీరు లేక, మేత లేక బ్రిటను దుకాణములకు వచ్చి, పిల్లల చేతిఖర్చుకు దొరకు ధరకు అమ్ముడుపోయెను. కొన్నవారు రొట్టె పాలలో నానవేసి పెట్టిరి. డొప్ప యంచున రంధ్రము తొలిచి త్రాటితో కట్టిరి. మధ్యధరా ప్రాంతపు మండుటెండకు పుట్టిన జీవికి ఆ చల్లని వేసవి చాలదు. క్రొవ్వు కూడకయే గడ్డి పెట్టెలో నిద్రకు పంపబడిన తాబేళ్ళలో అనేకము వసంతమున మరల కన్నులు తెఱవలేదు. వేలకొలది యిండ్లలో ఇది ప్రతియేట జరిగినను, నిద్రయనుకొన్నది మరణమని తెలిసిన పిమ్మట మఱియొకటి కొనుట సులభముగా నుండుటచే, కారణము వెదకినవారు తక్కువ.

మార్పు మరల త్రాసునొద్దనే ప్రారంభమైనది. 1980లో ఆలిఫంట్ జాక్సన్ అను పశువైద్యుడు తాబేటి డొప్ప పొడవును, శరీరపు బరువును సరిచూచి, ఏ పొడవునకు ఎంత బరువున్న అది ఆరోగ్యమో, ఎంత తగ్గిన అపాయమో రేఖాపటమున చూపెను. ఎముకలు కనబడని జీవి చిక్కినదో లేదో చూపునకు తెలియదు గనుక ఈ కొలత సామాన్య గృహస్థుని చేతికి దొరికిన గొప్ప సాధనము. 1984 జనవరి మొదటి తేదీనుండి ఐరోపా ఆర్థిక సమాజ దేశములలో మధ్యధరా తాబేళ్ళ వాణిజ్యపు దిగుమతి నిషిద్ధమయ్యెను. ఉన్నదానిని కాపాడుకొనక తప్పని స్థితి యేర్పడిన పిమ్మటనే పెంపకము విద్య యైనది.

మన నక్షత్ర తాబేటి చరిత్ర వేఱు. శ్రీకూర్మమున కూర్మనాథుని ప్రాంగణమున భక్తుల చేతి మేత తిను నా జాతినే ఆంధ్ర కర్ణాటక సరిహద్దులలో పట్టి విదేశములకు దొంగచాటుగా పంపుచున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, 2019లో అంతర్జాతీయ వాణిజ్యముపై వచ్చిన సంపూర్ణ నిషేధమును దానికి రక్షణలు. ఇంగ్లండువారి శీతకాలనిద్రా విధానము దానికి పొసగదు. అది వానకాలమున చురుకుగా తిరుగు జీవి.

ఇక ఉపేక్షకు గురియైన మధ్యధరా తాబేలు నేడు శ్రద్ధగల యొకరి చేతికి వచ్చెననుకొందము. డొప్ప మెత్తబడి యుండును, నోటి యంచు పెరిగి వంగి యుండును, కన్నులు ఉబ్బియుండును. తొలుత దానిని తూచి కొలుతురు. గోరువెచ్చని నీటిని గడ్డము మునుగనంత లోతున పోసి దినమును స్నానము చేయింతురు. అట్లు అది నీరు త్రాగును. రొట్టె, పాలు, పండ్లు మాన్పించి కలుపు ఆకులను, కాల్షియమును, అతినీలలోహిత కిరణములిచ్చు దీపమును సమకూర్తురు. వంకరపోయిన డొప్ప మరల పూర్వపు రూపమునకు రాదు. క్రొత్తగా పెరుగు భాగము మాత్రము చక్కగా నుండును. బరువు కొలతకు సరిపోనంతవఱకు ఆ సంవత్సరము దానిని శీతకాలనిద్రకు పోనీయక, వెచ్చని గదిలో మేపుదురు.