తెరమూలనున్న అంకెలు

మా మేనమామగారి యింటి అటకమీద నొక పాత వీడియో క్యాసెట్టు దొరకినది. మా యూరి సంక్రాంతి కబడ్డీ పోటీని, పెండ్లి వీడియోలు తీయువానిచేత, ఆయన ముచ్చటపడి తీయించినది. అందు కూత వినవచ్చును, దుమ్ము లేచును, జనుల కేకలు మిన్నుముట్టును. కాని యే జట్టుకెన్ని పాయింట్లు వచ్చెనో తెలియదు. బరి యంచున నల్లబల్లపై సుద్దముక్కతో స్కోరు వ్రాయుచు తుడుచుచుండిన బాలుని మోచేయి యొకచోట తెర కుడియంచున క్షణకాలము కనబడును, బల్ల కనబడదు. నాడాడినవారి నడిగితిని, ఎవరు గెలిచిరో వారికిని నిశ్చయముగ జ్ఞాపకము లేదు. తెరమూల నంకెలు నిలుపు విద్య యెక్కడ పుట్టి, యెట్లు పెరిగి, సామాన్యుని యింటికి వచ్చెనో తెలిసికొనవలెనను కోరిక నాకు కలిగినది ఆ మోచేతిని చూచినప్పుడే.

ఆలస్యముగ వచ్చినవానికి ఆటస్థితి తెలుపుట మైదానములలో పాతమర్యాదయే. లండనునందలి లార్డ్స్ మైదానమున 1846లోనే స్కోరుబల్ల నిలిపిరి. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ మైదానమున 1911లో కట్టిన బల్ల లోపల మనుష్యులు నిలిచి చేతులతో అంకెలు మార్చుట నేటికిని సాగుచునే యున్నది. టెలివిజను వచ్చిన తరువాత ఈ మర్యాద కొంతకాలము వెనుకబడినది. ఏలయన, కెమెరా బంతివెంట పోవును గాని బల్లవెంట పోదు. అందుచే ప్రసారకులు నల్లని యట్టపై తెల్లని యక్షరములు పేర్చి, దానిని వేఱొక కెమెరాతో పట్టి, ఆ చిత్రమును ఆటచిత్రముతో కలిపెడివారు. నలుపు వెలుతురు నీయదు గనుక అట్ట మాయమై అక్షరములు మాత్రమే ఆటమీద తేలెడివి. 1970వ దశకమున అమెరికాలోని కైరాన్ వంటి సంస్థల యంత్రములు అక్షరములను విద్యుత్తుచేతనే సృజింపసాగగా అట్టలు మూలబడినవి. ఐనను స్కోరు అప్పుడప్పుడు వచ్చి పోవు నతిథిగనే యుండెను.

ఆ యతిథిని ఇంటివానిగ జేసినవాడు డేవిడ్ హిల్ అను ఆస్ట్రేలియా దేశీయుడు. టీవీ పెట్టి ఫుట్‌బాల్ చూడబూనినవాడు స్కోరెంతయో తెలియుటకై నిముషములకొలది కాచుకొనవలసివచ్చుట ఆయనకు దుస్సహముగ తోచెను. 1992లో, ఇంగ్లండు ప్రీమియర్ లీగు తొలియేట, స్కై సంస్థ క్రీడాప్రసారములకు పెద్దయై యుండి, తెర పైమూలన స్కోరును, గడచిన కాలమును ఆట పొడుగునను నిలిపియుంచెను. పైయధికారి చూచి తీసివేయుమనెను, హిల్ తీయలేదు. 1994లో ఫాక్స్ సంస్థ పక్షమున అమెరికా ఫుట్‌బాల్ ప్రసారములలో అట్టి పెట్టెనే పెట్టినప్పుడు, చిత్రము పాడైనదని ప్రేక్షకులు కొందఱు మండిపడిరి. అదే యేట అంతకుముందు వేసవిలో ప్రపంచకప్పు ఫుట్‌బాల్ అమెరికాలో జరుగగా, ఆట నడుమ ప్రకటనలకు విరామము దొరకదు గనుక, అచ్చటి ప్రసారకులు గడియారము ప్రక్కనే వ్యాపారచిహ్నములు నిలిపిరి. లాభాపేక్ష దీనికి తోడుపడిన మాట నిజమే. కాని మూలమున నున్నది ఆలస్యముగ వచ్చినవానిపై దయయే యని నా నమ్మకము.

గృహస్థుని చేతికి ఈ విద్య చిక్కుటకు రెండు ముడులు వీడవలసియుండెను. మొదటిది కాలమునకు సంబంధించినది. నాటి వీడియో చిత్రము గీతలు గీతలుగ అల్లబడునది. టేపునుండి వచ్చు గీతయు, కంప్యూటరునుండి వచ్చు గీతయు ఒకే క్షణమున మొదలుకానిచో రెండు చిత్రములును కలియక చెదరిపోవును. వీని తాళము కలుపు సాధనమే జెన్‌లాక్. 1985లో వెలువడిన అమిగా కంప్యూటరుకు దానిని తగిలింపగలిగిరి. 1990లో న్యూటెక్ సంస్థవారి వీడియో టోస్టర్ వచ్చిన పిమ్మట చిన్న స్టూడియోలవారికిని ఈ పని అందుబాటులోనికి వచ్చినది. రెండవది పారదర్శకత. న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పనిచేయుచుండిన ఎడ్ క్యాట్‌మల్, ఆల్వీ రే స్మిత్ అనువారు 1970వ దశకపు చివర, చిత్రమందలి ప్రతి చుక్కకును రంగుతోపాటు అది యెంతవఱకు కనబడవలెనో తెలుపు నొక విలువను జతచేసి, దానికి ఆల్ఫా అని పేరిడిరి. 1996లో వచ్చిన పీఎన్‌జీ రకపు బొమ్మ ఆ విలువను తనలోనే మోయును. నాటి నల్లయట్ట చేసిన పనినే నేడీ విలువ చేయుచున్నది.

ఇప్పుడు మన పల్లెల క్రికెట్టు, కబడ్డీ పోటీలను సెల్‌ఫోనుతో పట్టి, ఓబీఎస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో యూట్యూబులో ప్రత్యక్షముగ చూపు యువకులు కలరు. ఒకడు కెమెరా చూచుకొనగా, వేఱొకడు ల్యాప్‌టాప్ ముందు కూర్చుండి చిన్న టెక్స్ట్ ఫైలులోని అంకెను మార్చును. తెరపై అంకె తానే మాఱును. నల్లబల్ల దగ్గరి బాలుడు ఇతడే. ఈ పనిలోని మెలకువలు చేసినవానికి గాని తెలియవు: ఒకటి యను నంకె సున్నకన్న సన్ననిది గనుక, అన్ని యంకెలకును సమానమైన వెడల్పుగల ఫాంటు నెన్నుకొనకున్న, స్కోరు మాఱినప్పుడెల్ల ప్రక్కనున్న జట్టుపేరు ఉలికిపడినట్లు కదలును.

నేనును ఆ క్యాసెట్టును కంప్యూటరులోనికెక్కించి, మా యూరిపేరును పొరుగూరిపేరును వ్రాసిన చిన్నపెట్టె నొకటి చేసి, ప్రతి కూతను ఆపి ఆపి చూచి, పాయింట్లు లెక్కించి, ఆయా క్షణములకు అంకెలు అతికించితిని. విరామమునాటికి మావారివి 14, వారివి 11. పిమ్మట కెమెరా వేదికపైని పెద్దల సన్మానమువైపు మరలి, చాలసేపటికి గాని బరికి తిరిగిరాలేదు; వచ్చునప్పటికి ఆట సాగుచునే యున్నది. అచ్చటినుండి పెట్టెలో అంకె వేయుటకు నాకు చేయి రాలేదు. రెండు పేర్ల నడుమ చోటు ఖాళీగ నుంచితిని.