గడ్డిమైదానాల ఉత్పాదకత – శీతోష్ణస్థితి నమూనాలు

వాన, ఉష్ణోగ్రత, నేల స్వభావం, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఆధారంగా ఒక మైదానంలో ఏటా ఎంత గడ్డి పెరుగుతుందో అంచనా కట్టే గణిత పద్ధతులను ఉత్పాదకత నమూనాలు అంటారు. ఈ పెరుగుదలను కొలవడానికి ఆ ఏడు నేల పైన పెరిగిన ఆకునీ కాడనీ కోసి, ఎండబెట్టి, తూచి, చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని లెక్క చెబుతారు. వేళ్ళను తవ్వి తూచడం మహా కష్టం కనుక ఆ భాగం చాలాసార్లు లెక్కకు రాదు.

ఈ అధ్యయనాలకు అమెరికాలోని గ్రేట్ ప్లెయిన్స్ బాగా పేరుపడ్డ చోటు. రాకీ పర్వతాల చాటున వాన తక్కువ, గడ్డి పొట్టి. తూర్పుకు పోయేకొద్దీ రెండూ పెరుగుతాయి. 1988లో ఓస్వాల్దో సాలా, విలియం పార్టన్ తదితర శాస్త్రవేత్తలు సుమారు 9,500 చోట్ల వివరాలను కలిపి చూసి ఒక తేలిక సూత్రం ఇచ్చారు: ఏడాది వానలోంచి (మిల్లీమీటర్లలో) 56 తీసేసి, మిగిలినదాన్ని 0.6తో హెచ్చవేస్తే గడ్డి బరువు వస్తుంది. నేల సంగతీ అందులోనే బయటపడింది. వాన 370 మిల్లీమీటర్లకు తగ్గిన చోట ఇసుక నేలల్లోనే గడ్డి ఎక్కువ, ఎందుకంటే నీరు లోపలికి ఇంకిపోయి ఆవిరి కాకుండా నిలుస్తుంది. వాన అంతకు మించితే బంకనేలలది పైచేయి.

ఈ సూత్రాన్ని నమ్ముకుని రాబోయే కాలాన్ని లెక్కకట్టడం మాత్రం ప్రమాదం. కొలరాడోలోని ఒకే ప్రయోగ క్షేత్రంలో 1939 నుంచి 1990 దాకా నమోదైన కొలతలను లావెన్‌రాత్ అనే శాస్త్రవేత్త, సాలా కలిసి 1992లో పరిశీలించారు. సూత్రం ప్రకారం 100 మిల్లీమీటర్ల అదనపు వానకు 60 గ్రాముల గడ్డి పెరగాలి. అక్కడ పెరిగింది 13 గ్రాములే. అలవాటుగా పొడిగా ఉండే చోట ఒక ఏడు వాన దంచికొట్టినా, దాన్ని వాడుకోవడానికి మొక్కలూ చాలవు, నైట్రోజనూ చాలదు.

అందుకే వాననొక్కదాన్నే కాక నేలలో జరిగే మార్పులను కూడా లెక్కించే నమూనాలు కావలసివచ్చాయి. పార్టన్ బృందం 1987లో ప్రకటించిన సెంచురీ నమూనా నేలలోని సేంద్రియ పదార్థాన్ని త్వరగా కుళ్ళేది, నిదానంగా కుళ్ళేది, దాదాపు కదలనిది అని మూడు పాళ్ళుగా విడదీసి, నెలనెలా కార్బన్, నైట్రోజన్ల రాకపోకలను లెక్కిస్తుంది. ఎండ పెరిగితే నేల ఆరిపోతుంది, కానీ తడి ఉన్నంతసేపు నైట్రోజన్ విడుదలా వేగమవుతుంది. ఏది నెగ్గుతుందో లెక్క కడితేగాని తేలదు. దీని రోజువారీ రూపమే డేసెంట్.

కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఆకు రంధ్రాలు కొంత మూసుకుని నీరు ఆదా అవుతుంది. వయోమింగ్‌లోని షయాన్ దగ్గర పచ్చికను పగలు 1.5, రాత్రి 3 డిగ్రీలు వేడిచేసి, ఈ వాయువును 600 పీపీఎంకు (పది లక్షల పాళ్ళలో 600 పాళ్ళకు) పెంచి చూశారు. వేడి వల్ల ఆరిన తడిని ఆ ఆదా చాలావరకు పూడ్చింది.

2018లో మొదలైన గ్రాస్-కాస్ట్ అనే గడ్డి అంచనా సాధనం డేసెంట్‌నే వాడుతుంది. పెరుగుదల కాలంలో రెండు వారాలకోసారి, ఇకపై వాన మామూలుగా, ఎక్కువగా, తక్కువగా పడితే గడ్డి ఎలా ఉంటుందో పశుపోషకులకు మూడు అంచనాలు ఇస్తుంది. పశువు మేసే గడ్డికీ, మూతి పెట్టని కలుపుకీ తేడా మాత్రం దానికి తెలియదు.