తోకకూ వెల కట్టిన రాజ్యం

ఓడలో గుర్రం చచ్చిపోతే దాని తోక కోసి తెస్తే చాలట. విజయనగర రాజు సాళువ నరసింహరాయలు ఆ తోకకు బతికున్న గుర్రం ధరే ఇచ్చేవాడట. చచ్చినా బతికినా మూడింటికి వెయ్యి బంగారు నాణేలు. ఈ ముచ్చట రాసిపెట్టిన పోర్చుగీసువాడు నూనిజ్ స్వయంగా గుర్రాల వర్తకుడు. గుర్రాలు హోర్ముజ్ నుంచి, ఏడెన్ నుంచి వచ్చేవి. పెనుకొండ కొండ కింద నిలబడినప్పుడల్లా నాకు గగన్ మహల్ కంటే ముందు ఆ తోకలే గుర్తొస్తాయి. కట్టలు కట్టి గుమాస్తా ముందు పడేసిన తోకలు.

రాజుకు పిచ్చి పట్టి కాదు ఆ బేరం. మన దేశవాళీ గుర్రాలు పొట్టివి, యుద్ధానికి అరబ్బీ గుర్రమే కావాలి. వచ్చినవి ఇక్కడ నిలిచేవి కావు. అంతకు రెండు వందల ఏళ్ల ముందే తమిళ తీరం చూసిన మార్కోపోలో, గుర్రానికి ఉడికించిన అన్నం, మాంసం పెడుతున్నారని, వైద్యం తెలిసినవాడు ఒక్కడూ లేడని రాశాడు. చచ్చిన వాటి చోట కొత్తవి కొంటూ పోవాల్సిందే. నూనిజ్ రోజులకు రాజు ఏటా కొనేవి పదమూడు వేలట. పరదేశం నుంచి గుర్రాలు తెచ్చే వర్తకులను ఆదరించి దగ్గర పెట్టుకో, అవి శత్రువుకు చేరనివ్వకు అని కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో నీతి చెప్పాడంటే, అది కవిత్వం కోసం చెప్పిన మాట కాదు. 1547లో సదాశివరాయల పేరిట గోవాతో జరిగిన ఒప్పందంలోనూ అసలు సంగతి ఇదే: గుర్రాలు మాకే అమ్మాలి, బీజాపూరుకు అమ్మకూడదు.

గుర్రాలకు జబ్బులు ఎలా అంటుతాయో తెలియకుండానే నేనూ చూశాను. ధర్మవరం స్టేషను బయట జట్కాలు నిలిచే రోజులు నాకు లీలగా గుర్తున్నాయి. అక్కడొక సిమెంటు తొట్టి ఉండేది. నాలుగైదు గుర్రాలు వరసగా అందులోనే మూతి పెట్టేవి. ఒక గుర్రానికి ముక్కు కారుతుంటే జట్కా తాత భుజం మీది తువాలుతో తుడిచి, అదే తువాలుతో పక్క గుర్రం కళ్ల మీది ఈగలు తోలేవాడు. ఆ తరవాత ఉలవ గుగ్గిళ్ల సంచి మెడకు తగిలించేవాడు. ప్రేమతో చేసే పనే. గుర్రాల హెర్పిస్ వైరస్ ఒంట్లోంచి ఒంట్లోకి పోవడానికి అంతకంటే మంచి దారి ఉండదని చాలా ఏళ్ల తరవాత చదివాను.

ఆటలమ్మ పోసి తగ్గాక ఆ క్రిమి నరాల్లో దాక్కుని, ముసలితనంలో సర్పిగా లేస్తుంది కదా. ఇదీ ఆ కుటుంబానిదే. గుర్రప్పిల్ల నెలల వయసులోనే తల్లి దగ్గర అంటించుకుంటుంది. నాలుగు రోజులు జ్వరం, జలుబు. తగ్గిపోతుంది, కానీ వైరస్ పోదు. దూరప్రయాణం, ఇరుకు, కొత్త మంద, ఈ కష్టాలకు మళ్లీ లేస్తుంది. చూలు గుర్రమైతే నెలలు నిండబోయే ముందు ఈసుకుపోతుంది. రాత్రి దాణా తిన్న గుర్రమే. తెల్లారేసరికి గడ్డిలో మాయ కూడా విడని పిల్ల. ఒక్కోసారి వైరస్ వెన్నుపాములోని సన్నటి రక్తనాళాలను దెబ్బతీస్తుంది. వెనక కాళ్లు తూలుతాయి, మూత్రం బొట్లుబొట్లుగా పడుతుంది, తోక బిగువు చచ్చి వేలాడుతుంది. పైకి లేవలేని గుర్రం కుక్కలా కూర్చుంటుంది. లేపలేరు, ఎత్తలేరు.

2021లో స్పెయిన్‌లోని వలెన్సియాలో గుర్రాలు అడ్డంకులు దూకే పోటీలకు దేశదేశాల నుంచి వచ్చిన గుర్రాల్లో ఇది లేచి పద్ధెనిమిదింటిని పొట్టన పెట్టుకుంది. ఇంజెక్షన్లు, పశువైద్యులు, గుర్రాలను వేలాడదీసే పట్టీలు, అన్నీ ఉన్న రోజుల్లో. మన దేశంలో హిసార్‌లోని గుర్రాల పరిశోధన కేంద్రం ఈసుకుపోకుండా టీకా తయారుచేసింది. చూలుతో ఉండగా ఐదో నెల, ఏడో నెల, తొమ్మిదో నెల వేయించాలి. కాళ్లు పడిపోయే రోగాన్ని అడ్డుకునే పూచీ మాత్రం ఏ టీకాకూ లేదు. ఇక సముద్రం మీద వారాల తరబడి ఒకదానికొకటి ఒరుసుకుంటూ వచ్చిన అరబ్బీ గుర్రాలకు ఏ జబ్బు ఎక్కడ అంటిందో అడిగేవాడెవడు? తోక వచ్చిందా, వెల ఇచ్చారా, అంతే.

1565 జనవరిలో దక్కను సుల్తానులతో జరిగిన యుద్ధంలో ఆ గుర్రాలన్నీ రాక్షసి తంగడి దగ్గర చెదిరిపోయాయి. రాజ్యాన్ని నడిపిస్తున్న రామరాయల తల తెగింది. తమ్ముడు తిరుమలరాయలు దొరికిన సొమ్ము ఏనుగుల మీద వేసుకుని పెనుకొండ దారి పట్టాడు. తరవాత రాజధాని హంపీకి తిరిగొచ్చి ఊరు నిలబెట్టాలని చూశాడు. 1567లో గోవా నుంచి ఇద్దరు వర్తకులు మూడు వందల అరబ్బీ గుర్రాలతో వచ్చారు. వాళ్ల వెంట వచ్చిన వెనిస్ వర్తకుడు చేజరే ఫెదరిచి తరవాతి కథ రాసిపెట్టాడు.

తిరుమలరాయలు ఒక చాటింపు వేయించాడు. యుద్ధంలో పోయిన గుర్రాలు, నా ముద్ర ఉన్నవైనా సరే, ఎవరి దగ్గరున్నా తెండి, అడిగినంత ఇస్తాను, దారిలో అభయం. ఆ మాట నమ్మి వర్తకులు తోలుకొచ్చారు. రోజూ తీపి మాటలు. ఇక గుర్రాలు రావు అనుకున్నాక, పైసా ఇవ్వకుండా అందరినీ సాగనంపాడు. ఆ వర్తకులు దుఃఖంతో పిచ్చెత్తినట్టయ్యారని ఫెదరిచి రాశాడు.

నాకు తిరుమలరాయల మీద కోపం రాదు. ఖజానా ఖాళీ, నలువైపులా శత్రువులు, మళ్లీ కావలసిందేమో గుర్రాలు. కానీ తోకకు కూడా వెల ఇచ్చిన సింహాసనం సకిలించే గుర్రానికి ఎగనామం పెట్టింది. ఆ మాట గోవా రేవు దాకా పోకుండా ఉంటుందా?

ఆ ఏడే దర్బారంతా పెనుకొండ చేరింది. సుమారు పదేళ్లకు బీజాపూరు సైన్యం వచ్చి ముట్టడించినా కోట దక్కింది, సేనాని జగదేవరాయలు కాచాడు. కోటకు గుర్రాలు అక్కర్లేదు, కొండ చాలు. పోయిన దేశం తిరిగి గెలవాలంటే కావాలి.

1592లో వెంకటపతిరాయలు రాజధానిని చంద్రగిరికి తరలించాడు. గుర్రం ఆయుష్షు పాతికేళ్లు, మహా అయితే ముప్పై. గోవా నుంచి వచ్చిన ఆ మూడు వందల్లో ఒక్కటి ఇంకా పెనుకొండ లాయంలో ఉందనుకున్నా, దాన్ని కొండ దింపి చంద్రగిరి దాకా నడిపించే పని లేదు.