గుర్రం మాంసం వద్దన్నవాళ్ళు

పోస్ట్ కొంచెం పెద్దదే, తీరిక దొరికినప్పుడు చదవండి.

ఈసారి ఉగాదికి మా హాస్టల్ మెస్సులో పచ్చడి పెట్టారు. నేను తినలేదు. మా ఊళ్ళో అప్పటికింకా మామిడి కొత్త కాలేదు. కొత్త చెయ్యకుండా మామిడికాయ నోట్లో పెట్టుకోకూడదని మన ఏజెన్సీ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. పక్కన కూర్చున్నవాళ్ళు నవ్వారు. "ఇక్కడ ఎవడు చూస్తాడ్రా" అన్నాడు ఒకడు. నిజమే, ఎవరూ చూడరు. కానీ రాత్రి ఫోన్లో అమ్మ అడిగితే ఏం చెప్పను?

ఆ వారమే లైబ్రరీలో మొదటి ప్రపంచ యుద్ధం గురించి చదువుతూ కూట్ అల్ అమారా దగ్గర ఆగిపోయాను. అది ఇప్పటి ఇరాక్‌లో టైగ్రిస్ నది ఒంపులో ఉన్న ఊరు. అప్పట్లో ఆ దేశాన్ని మెసొపొటేమియా అనేవాళ్ళు. బ్రిటిష్ వాళ్ళు అక్కడికి పంపిన సైన్యంలో ఎక్కువమంది మన దేశంవాళ్ళే. 1915 నవంబర్‌లో బాగ్దాద్ పట్టుకుందామని వెళ్ళి, టెసిఫాన్ దగ్గర దెబ్బతిని, వెనక్కి నడిచి కూట్‌లో దూరారు. టర్కీ సైన్యం చుట్టుముట్టింది. డిసెంబర్ 7 నుంచి 1916 ఏప్రిల్ 29 దాకా బయటికి దారి లేదు.

ఎడారి అంటే నేను సినిమాల్లో చూసిన ఇసుక దిబ్బలే అనుకున్నాను. అక్కడ ఎక్కువగా ఉన్నది చదునైన బంకమట్టి నేల. వాన పడితే మోకాలిదాకా బురద, ఎండితే కళ్ళల్లోకి దుమ్ము. చలికాలం రాత్రి నీళ్ళు గడ్డకట్టే చలి. ఎండాకాలం 50 డిగ్రీల దాకా ఎండ, ఈగలు. నదికి వరదొస్తే కందకాల్లోకి నీళ్ళు. జీతం సిపాయికి నెలకి 11 రూపాయలు. సిపాయిల వెనక వంటవాళ్ళు, నీళ్ళు మోసే భిస్తీలు, కంచరగాడిదలు తోలేవాళ్ళు, పాకీపనివాళ్ళు, డోలీ మోసేవాళ్ళు. వాళ్ళకి సిపాయికంటే తక్కువ. (డోలీ అంటే ఏంటో బయటివాళ్ళకి వివరించాలి, మనకి అక్కర్లేదు.) గాయపడినవాళ్ళని స్ప్రింగులు లేని బళ్ళలో వేసి ఆ గతుకుల్లో లాక్కెళ్ళారు. దాని మీద తర్వాత లండన్‌లో పెద్ద గొడవై, 1917లో విచారణ కమిషన్ రిపోర్టు వచ్చింది, మంత్రి కూడా రాజీనామా చేశాడు.

అసలు విషయం తిండి. నిల్వలు అయిపోతుంటే గుర్రాల్ని, కంచరగాడిదల్ని కోయడం మొదలుపెట్టారు. తెల్లసిపాయిలు తిన్నారు. మనవాళ్ళలో చాలామంది హిందువులూ ముస్లింలూ వద్దన్నారు. రోజుకి ఇచ్చే పిండి తగ్గిస్తూ వచ్చారు. మాంసం లేక, కూరగాయలు లేక మనవాళ్ళకి స్కర్వీ పట్టుకుంది. చిగుళ్ళ నుంచి రక్తం, కాళ్ళు లేవవు. విచిత్రం ఏంటంటే, తెల్లవాళ్ళకి మొదట్లో వచ్చింది వేరే జబ్బు, బెరిబెరి. వాళ్ళు తినేది మైదా రొట్టె, మనవాళ్ళు తినేది పొట్టు తియ్యని పిండి. ఒకే ఊళ్ళో, ఒకే ముట్టడిలో, తిండిని బట్టి రెండు జబ్బులు. మనవాళ్ళు బయలులో ఆకులు ఏరుకొచ్చి వండుకున్నారు. అక్కడి ఆకు ఏది మంచిదో ఏది విషమో తెలియక కొందరు జబ్బుపడ్డారు. ఇది చదివినప్పుడు మా అవ్వ గుర్తొచ్చింది. మా కొండ మీద కళ్ళు మూసుకుని ఆకుకూర కోస్తుంది, కానీ ఆమెని తీసుకెళ్ళి టైగ్రిస్ ఒడ్డున నిలబెడితే ఆమె చెయ్యి కూడా ఆగిపోద్ది.

గుర్రం మాంసం తినొచ్చు, తప్పులేదు అని మతపెద్దలతో ఇండియా నుంచి వైర్‌లెస్‌లో చెప్పించారు. అయినా వద్దన్నారు. కారణం చాలా పుస్తకాల్లో 'మూఢ నమ్మకం', 'కులం పట్టింపు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. కానీ ఆ సిపాయిలు తమ అధికారులకి చెప్పిన కారణం ఇంకోటుంది. రేపు ఊరికి వెళ్తే ఊళ్ళో పెద్దలు ఏమంటారు? గుర్రం తిన్నవాడికి పిల్లనెవరిస్తారు?

నేను ఆగింది ఇక్కడే. చుట్టూ శత్రువు, కడుపులో ఏమీ లేదు, పక్కవాడు స్కర్వీతో పోతున్నాడు. ఆ మనిషి ఆలోచిస్తున్నది తన పెళ్ళి గురించి, ఊళ్ళో అరుగు మీద కూర్చునేవాళ్ళ మాట గురించి. ఇంటిమీద బెంగ అంటే కూర్చుని ఏడవడమే అనుకుంటాం. ఇక్కడ బెంగ అంటే పస్తుండటం. తిరిగి వెళ్తాననే నమ్మకం ఉన్నవాడే అలా వద్దంటాడు. ఆ నమ్మకం కొంచెం కొంచెంగా పోయింది కాబోలు, ఏప్రిల్‌లో వేలమంది తినడం మొదలుపెట్టారు. విమానాల్లోంచి పిండి బస్తాలు పడేసినా సరిపోలేదు. కొన్ని నదిలో పడ్డాయి. ఏప్రిల్ 29న సుమారు 13 వేలమంది లొంగిపోయారు. అక్కడి నుంచి ఎడారిలో నడిపించుకుంటూ తీసుకెళ్ళారు. చాలామందిని ఇప్పటి సిరియాలోని రాస్ అల్ ఐన్ వైపు రైలుమార్గం పనిలో పెట్టారు. వేలమంది తిరిగి రాలేదు.

వాళ్ళ బెంగ మనదాకా ఎవరి ద్వారా వచ్చిందో చూడండి. కల్యాణ్ ముఖర్జీ అనే బెంగాలీ డాక్టరు కూట్‌లో చిక్కుకున్నాడు. ముట్టడికి ముందు వాళ్ళమ్మకి వరసగా ఉత్తరాలు రాశాడు. 1917లో ఖైదులోనే చనిపోయాడు. ఆ ఉత్తరాలతో వాళ్ళ అమ్మమ్మో నాయనమ్మో, ఎనభై ఏళ్ళ ముసలావిడ మోక్షదా దేవి, 1928లో పుస్తకం వేసింది. శిశిర్ సర్వాధికారి అనే ఇంకో బెంగాలీ, అంబులెన్స్ దళంవాడు, డైరీ కాగితాలు బూట్లలో దాచుకుని తెచ్చాడు. ఇద్దరూ చదువుకున్నవాళ్ళు, ఇంట్లో చదివేవాళ్ళు ఉన్నవాళ్ళు. భిస్తీ బెంగ ఏ బూటులోనూ లేదు.

మనలాంటివాళ్ళ సంగతి కూడా చెప్పాలి. 1916 నుంచి జైళ్ళలో ఉన్న ఖైదీలకి శిక్ష తగ్గిస్తామని చెప్పి మెసొపొటేమియాకి కూలీలుగా పంపారు. బస్రా రేవులో ఓడలు దించడం, కట్టలు వేయడం వాళ్ళ పని. 1917లో ఫ్రాన్స్‌కి కూలీలు కావాలని సంతాల్, ఉరావ్, ముండా, హో ఊళ్ళమీద పడ్డారు. మయూర్‌భంజ్ సంతాల్‌లు వెళ్ళమని తిరగబడ్డారు. మణిపూర్ కొండల్లో కుకీలు 1919 దాకా పోరాడారు. వాళ్ళమీదికి పంపినవాళ్ళలో అస్సాం రైఫిల్స్ ఉన్నారు. 1924లో రంప పితూరీ అణచడానికి మన మన్యంలోకి దిగింది కూడా ఆ అస్సాం రైఫిల్సే. మా ఊళ్ళో ముసలివాళ్ళకి ఈ రెండో సగం తెలుసు, మొదటిది తెలియదు.

బస్రాలో స్మారకం కట్టారు, 40 వేలకి పైగా చనిపోయినవాళ్ళ కోసం. తెల్లవాళ్ళ పేర్లు చెక్కారు. మనవాళ్ళలో ఆఫీసర్ల పేర్లు మాత్రం ఉన్నాయి. మామూలు సిపాయిలు ఫలానా రెజిమెంటులో ఇంతమంది అని అంకెగా మిగిలారు. 2021లో ఆ స్మారకాలు చూసే కమిషన్ ఇలా చేసినందుకు క్షమాపణ చెప్పింది. పిల్లనెవరిస్తారని పస్తున్నవాడికి దక్కింది ఆ అంకె.

మొన్న ఆదివారం అమ్మ ఫోన్ చేసింది. సిగ్నల్ కోసం చింతచెట్టు దాకా నడిచి రావాలి కాబట్టి ఎక్కువసేపు మాట్లాడదు. తిన్నావా అంది. తిన్నానన్నాను. మామిడికాయ తినలేదు కదా అంది. లేదమ్మా అన్నాను. వచ్చే గురువారం కొత్త పెడుతున్నారంట. బుధవారం రాత్రి బస్సుకి వెళ్తున్నాను.