దంతవక్త్రుని కోట

శ్రీకాకుళము జిల్లా సరుబుజ్జిలి మండలమునందలి పెద్ద మట్టికట్టను జనులు దంతవక్త్రుని కోట యందురు. ఇదియే ప్రాచీన దంతపురమని పలువురు చరిత్రకారుల తలంపు. బుద్ధదేవుని దంతము కళింగదేశపు దంతపురమున పూజలంది, పిదప లంకకు చేరెనని పాళీ గ్రంథమగు దాఠావంశము చెప్పుచున్నది. గంగరాజు ఇంద్రవర్మ గాంగశకము 39వ యేట, అనగా సుమారు క్రీ. శ. 537లో, జిర్జింగి తామ్రశాసనమును దంతపురమునుండియే యొసగెను.

అగడ్త త్రవ్విన మట్టినే గట్టుగా పోసి, దిమ్మెసతో గట్టిపరచుట మట్టికోటలు కట్టిన పూర్వుల పద్ధతి. రాతిగోడ కూలినను రాళ్లు మిగులును. మట్టిగోడ పొలమున కలిసినచో ఆనవాలుండదు. పెంకుగాని, నాణెముగాని దొరకినపుడు, అది యున్న మట్టిపొరయే దాని కాలమును తెలుపును. కావున, గ్రామపెద్దలారా, ఆ మట్టిని బండి కెత్తనీయవలదని నా మనవి.